పుట్టకొక్కులు ముందు తినే మనిషి

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా తమ్ముడి కూతురు శ్రావణి. వాళ్ల ఇల్లు మదీనాగూడలో, ఆమె ఆఫీసు రాయదుర్గంలో. మూసాపేటలో ఉండే మా ఇల్లు ఆమె దారిలో పడదు. అయినా ఫోన్లో చెప్పే మాట కాదనుకుందేమో, అమీర్‌పేటలో మెట్రో మారి, మెడలో ఐడీ కార్డు కూడా తీయకుండా వచ్చి సోఫా అంచున కూర్చుంది. నేను అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, ఆరిన బట్టలు మడత పెడుతున్నాను.

"అత్తా, నువ్వు ఫికర్ చెయ్యకు," అంది ముందుగా. అలా మొదలయ్యే మాట ఏదీ మంచిది కాదని ఇన్నేళ్లలో నాకు తెలియకపోలేదు. "చిన్నవ్వ దవాఖానల ఉన్నది. పుట్టకొక్కుల కూర తిన్నది. పొద్దుగాల నుంచి ఒకటే వాంతులు, మోషన్లు. ఇప్పుడైతే ఆగినయి. డ్రిప్ పెట్టిన్రు. నర్సులతోని పరాచికాలాడుతున్నది."

పుస్తకాల్లో పుట్టగొడుగులని రాసేవాటిని మేం పుట్టకొక్కులంటాం. శ్రావణి చిన్నవ్వ అనేది మా చిన్నాయన భార్యను. నాకు చిన్నమ్మ. పేరు బాలమణి.

"మరి మీరు తినలేదా?" అన్నాను.

"లేదత్తా. నిన్న వండినంక, ఇయ్యాల నేనొక్కదాన్నే తింట, మీరు రేపు తినుండ్రి అన్నది. డాడీ నవ్విండు. మమ్మీకి కోపమొచ్చింది. గిన్నె ఫ్రిజ్‌ల పెట్టి, ఎవలన్న తీస్తరేమోనని దాని ముందటనే కుర్చీ ఏస్కొని కూసున్నది. అట్ల ఎందుకు చేసిందత్తా?"

చేతిలో ఉన్న దిండు గలీబు మడత పూర్తి చేసి, పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకున్నాను. మంచిమాట చెవిన పడగానే చేతులు జోడించి దేవుడికి దండం పెట్టుకోవడం నా చిన్ననాటి అలవాటు. మిగతావాళ్లెవరూ తినలేదన్న మాట మంచిమాటే. కానీ చేతులు లేవలేదు. ఏడుపూ రాలేదు. ఒంట్లో ఎక్కడో ఒక గది తలుపు మూసుకున్నట్టయింది, అంతే. పిల్లకు టీ పెట్టి ఇచ్చాను. అది అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది కానీ, టీ చల్లారేలోగా చెప్పగలిగేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

శ్రావణి ఆఫీసు ఉన్న అద్దాల భవనాల నడుమ ఎక్కడో మా పాత ఇల్లుండేది. ఎక్కడని అడిగితే నేను చూపించలేను. గుండ్లను, అంటే పెద్ద పెద్ద బండరాళ్లను బట్టి దారి గుర్తు పెట్టుకున్న ఊరు మాది. ఏనుగు పడుకున్నట్టుండే గుండు దాటితే మా చేను, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న రెండు గుండ్ల పక్క నుంచి పోతే మా గడప. గుండ్లను పగలగొట్టేశాక ఊరికి ఆనవాలు లేకుండా పోయింది. గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి మధ్య మనిషి నడుమెత్తు ఎర్రమట్టి పుట్టలు. చిన్నప్పుడు జ్వరమొచ్చి నా ఎడమకాలు సన్నబడింది. బడి పక్క ఊళ్లో ఉండేది, నేను నడవలేను. అందుకని నాయనే ఇంట్లో షాబాద్ బండల మీద బొగ్గుతో అక్షరాలు రాసి దిద్దించేవాడు. నాయన చేనికి పోయాక రోజంతా ఆ అక్షరాల పక్కనే కూర్చుని ఇంటిని చూస్తుండేదాన్ని. ఎవరు ఎప్పుడు లేస్తారు, ఎవరు ఏ గిన్నెలో తింటారు, ఎవరి మాటకు ఎవరు ఊరుకుంటారు, ఇవన్నీ నాకు ఎక్కాలకన్నా ముందే వచ్చాయి. బడికి పోయిన పిల్లలకు ఇంత తీరిక దొరకలేదు. ఆ కాలికి కూడా నేను దేవుడికి రుణపడే ఉన్నాను.

తొలకరి పడి, నాలుగు ఉరుములు ఉరిమితే మా నాయనమ్మకు నిద్ర పట్టేది కాదు. ఉరుముకు భూమి పగిలి పుట్టకొక్కులు లేస్తాయని ఆమె నమ్మకం. తెల్లవారకముందే నాయనను లేపి పంపేది. వెంట చెప్పే మాటలు ఏటా అవే. "పుట్ట మీద లేసింది నాగమ్మ ఇచ్చింది. పెంట మీద లేసింది కుక్కగొడుగు. ఏలు పెట్టి చూపియ్యకు, లోపటికి పోతయి. కత్తి పెట్టకు, చేత్తోని గుంజు. తెంపినంక పుట్టకు మొక్కిరా." నాయన తువ్వాల మూట కట్టి తెచ్చేవాడు. ఆ మూట విప్పితే వచ్చే వాసన నాకు ఇప్పటికీ జ్ఞాపకం. తడిమట్టి వాసన, అప్పుడే దంచిన బియ్యప్పిండి వాసన, వాటి అడుగున ఎక్కడో పచ్చిమాంసం వాసన. శ్రావణమాసం నెలంతా నీచు ముట్టని ఇల్లు మాది. అయినా పుట్టకొక్కు నీచు కాదని నాయనమ్మ ఎప్పుడో తీర్పు చెప్పేసింది కాబట్టి ఆ నెలలో మాకు అదే కోడి, అదే మేక.

అమ్మ వాటి పైపొర గిల్లి, నీళ్లు మార్చి మార్చి కడిగి, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం వేసి వండేది. కూర ఉడుకుతుంటే నాయనమ్మ వచ్చి అమ్మ కాలి వెండిమెట్టె అడిగి తీసుకుని, కడిగి అందులో వేసేది. మెట్టె నల్లబడితే పారబోయాలి. ఎల్లిగడ్డ రంగు మారినా పారబోయాలి. అవి ఎప్పుడూ మారలేదు. ఆ తర్వాత వచ్చేది మా పిల్లలకు నచ్చని ఘట్టం. నాయనమ్మ ఒక గిన్నెలో కూర పెట్టుకుని, రొట్టె తుంచుకుని, మా అందరి ముందూ తినేది. మాకు మాత్రం పచ్చిపులుసు పోసి రొట్టెలు పెట్టేవాళ్లు. మిగిలిన కూర ఉట్టి మీదకు పోయేది. మరునాడు పొద్దున నాయనమ్మ లేచి, పళ్లపొడి వేసుకుని, బావి దాకా పోయి వచ్చాక అమ్మ దాన్ని మళ్లీ వేడి చేసేది. అప్పుడు మా వంతు. ముసలామెకు ఎంత ఆశో, వేడివేడిది తను తిని మాకు పాచికూర పెడుతుందని నేను లోపల్లోపల తిట్టుకునేదాన్ని. పెద్దరికం అంటే ముందు తినడమే అనుకునేదాన్ని.

ఒక వానాకాలం నాయనమ్మకు చలిజ్వరం వచ్చింది. గొంగడి కప్పుకుని అరుగు మీద ముడుచుకుని ఉంది. నాయన ఎప్పటిలాగే మూట తెచ్చాడు. అమ్మ వండింది. మెట్టె తెల్లగానే ఉంది. కూర దించారు. దించాక ఎవరూ గరిటె ముట్టలేదు.

"ఇంత మీకు పెట్టనా అత్తా?" అంది అమ్మ.

"జరమొచ్చినదాన్ని నేను తింటే ఏం ఎర్కయితది? రేపు లేవకపోతే జరంతోనా, కొక్కుతోనా?" అంది నాయనమ్మ గొంగడిలోంచి.

"అయితే నేను తింట."

"నీ సంకల పాలు తాగే పోరడున్నడు. నీకేమన్నయితే వానికెవలు దిక్కు?"

"మీ కొడుకు తింటడు మరి."

"మగోడు ముందు తింటడానె? ఇల్లు నడవొద్దా?"

అప్పుడే నాకు తెలిసింది, నాయనమ్మ ఇన్నేళ్లూ ఏం తింటోందో. బొగ్గుముక్క చేతిలోనే ఉండిపోయింది. చిన్నాయన రాళ్లు కొట్టే పనికి పోయాడు. ఇంట్లో ఇంక మిగిలిన పెద్దమనిషి చిన్నమ్మ ఒక్కతే. పెళ్లయి వచ్చి కొన్నేళ్లయినా ఆమెకు పిల్లల్లేరు. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్మ తలవంచుకుని తమ్ముడి జుట్టు నిమురుతోంది. నాయన తువ్వాల దులుపుతున్నాడు. చిన్నమ్మ పొయ్యి ముందు రొట్టె కొడుతోంది. వెనక్కి తిరగకుండానే, చేయి ఆపకుండానే అంది:

"ఎవల దిక్కు చూస్తున్రో నాకెర్కనే. వాసన తగిలినప్పటి సంది నోట్ల నీళ్లూరుతున్నయి. ఇటు దే అక్కా ఆ గిన్నె."

"చెల్లె, నువ్వు..." అంది అమ్మ.

"అత్త ఇన్నేండ్లు ఒక్కతే తిన్నది. ఇయ్యాల నాకు దొరికింది. అడ్డం పడకు."

తిన్నది. ఇష్టంగా, వేళ్లు నాకుతూ తిన్నది. "జర గిన్నె దాచుండ్రి, లేకపోతే మొత్తం నేనే ఊడుస్త," అని కూడా అంది. ఆ మధ్యాహ్నం అమ్మ ఒక పనీ చేయలేదు. చిన్నమ్మను కూర్చోబెట్టి, అడగకుండానే తల దువ్వింది. దువ్వుతూ దువ్వుతూ చేయి నుదుటి మీద పెట్టి చూసేది. "ఏందక్కా, పెండ్లిచూపులా? పొద్దటి సంది నా మొకమే చూస్తున్నవ్," అని చిన్నమ్మ నవ్వితే, "పేలు చూస్తున్ననే," అనేది అమ్మ. మరునాడు అందరికంటే ముందు నేను విన్నది వాకిట్లో పేడనీళ్లు చల్లుతున్న చప్పుడు. అమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. చిన్నమ్మ చీపురు పట్టుకుని తలెత్తి చూసి, "అక్కా, బతికే ఉన్న. కూర ఎచ్చబెట్టు పో," అంది. నాయనమ్మ అరుగు మీంచి నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఆ రోజు పుట్టకొక్కులు నాకు రుచిగానే ఉన్నాయి. చిన్నపిల్లల నాలుకకు ఏమీ తెలియదు.

ఆ తర్వాత నాయనమ్మ జ్వరం తగ్గింది కానీ గిన్నె మళ్లీ ఆమె దగ్గరికి పోలేదు. ఎవరూ నిర్ణయించలేదు, అలా అయిపోయింది. కూర దించగానే పిల్లలం మేమే "చిన్నమ్మా, నీ గిన్నె" అని పిలిచేవాళ్లం. ఆమె కాళ్లు చేతులు కడుక్కుని, పండక్కి కూర్చున్నట్టు కూర్చునేది. నా పెళ్లయిపోయింది. గుండ్లు పేలాయి, చేలు పోయాయి, పుట్టలు పోయాయి. అమ్మ, నాయన, నాయనమ్మ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చిన్నాయన కూడా పోయాక చిన్నమ్మ మా తమ్ముడు శ్రీను ఇంట్లో ఉండిపోయింది. అప్పట్లో అమ్మ చంకలో పాలు తాగుతూ ఉన్నది వాడే. అమ్మ చేనికి పోతే వాణ్ని ఎత్తుకుని తిప్పింది చిన్నమ్మే. పుట్టకొక్కులు కావాలంటే ఇప్పుడు సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో దొరుకుతాయి. వాటికి వాసన ఉండదని చిన్నమ్మ ముట్టేది కాదు.

మరి ఈసారి ఏం జరిగిందో, శ్రావణి వచ్చి వెళ్లిన మరునాడు ఆస్పత్రి వరండాలో మా మరదలు, శ్రీను భార్య మాధవి చెప్పింది. మాధవి గుంటూరు వైపు పిల్ల. "మా అపార్ట్‌మెంట్ వెనక కొత్తగా పార్కు వేస్తున్నారు వదినగారూ. లారీలతో ఎర్రమట్టి తెచ్చి గుట్టలుగా పోశారు. మొన్న వానకి వాటి మీద తెల్లగా గొడుగులు లేచాయి. అత్తయ్యగారు బాల్కనీలోంచి చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారండి. 'పుట్ట మీద లేసినయి, నాగమ్మ ఇచ్చింది' అని ఒకటే గోల. శ్రావణి ఫోన్లో ఫొటో తీసి యాప్‌లో చూస్తే తినొచ్చని వచ్చింది. మెట్టె అడిగితే తీసిచ్చాను, తెల్లగానే ఉంది. ఇంకేముంది తిందాం అంటే వినరే! ఆ మాట అన్నందుకు నన్ను కసిరారు కూడా. నాకు చిరాకొచ్చి, అన్నీ మీరే తినండి అత్తయ్యా అనేశాను." మాధవి చేతిలో మందుల చీటీ మడత పెట్టింది. "తెల్లారి వాంతులు మొదలవగానే, ఇంకా బాత్రూములోంచి బయటికైనా రాకుండానే, 'ఆ గిన్నె పారబొయ్యిండ్రి, కుక్కలకు గూడ అందకుంట కట్టి పారెయ్యిండ్రి' అని అరిచారండి. తన గురించి ఒక్క మాటన్నా అనలేదు," అంది.

పుట్ట కాదు అది. ఎక్కడి మట్టో, ఏ ఊరి విత్తనం దాగిన మట్టో లారీలో వచ్చి పుట్టలాగా నిలబడింది. మా నాయనమ్మ చెప్పిన గుర్తులన్నీ మా నేలకు చెప్పినవి. ఆ నేల లేదు. అయినా డాక్టరు గారు ఓపికగా కూర్చోబెట్టి చెప్పారు. మన నేల అయినా అంతేనట. వెండి పరీక్ష, వెల్లుల్లి పరీక్ష, పురుగు కొరికితే మంచిదనడం, ఫోన్లో ఫొటో చూడటం, వీటిలో ఏదీ నమ్మదగ్గది కాదట. చంపే జాతి, పోషించే జాతి అక్కాచెల్లెళ్లలా ఉంటాయట. ఎంత ఉడికించినా ఆ విషం పోదట. "ఒకరు ముందు తిని పొద్దున దాకా ఆగి చూడటం మాత్రం?" అని అడిగాను. "కొన్నింటి విషం పూట గడిచాక గానీ బయటపడదమ్మా. పొద్దున లేచి తిరిగారని మిగతావాళ్లు తినేస్తే, అందరూ పోతారు. ఈమెకు కాస్త ముందే బయటపడింది, అంతే," అన్నారు. అంటే మా ఇంటి ఆచారం ఎప్పుడూ ఎవరినీ కాపాడలేదు. ఇన్నేళ్లూ మంచి కొక్కులే దొరికాయి, అందుకు బతికాం. ఈ ఒక్కసారి మాత్రం అది కాపాడింది.

నేను గదిలోకి వెళ్లేసరికి చిన్నమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. మొహం తేటగా ఉంది.

"సుగుణా, ఆ కాలేసుకొని వచ్చినవా బిడ్డా? మెట్లెక్కినవా?"

"లిఫ్ట్ ఉంది చిన్నమ్మా."

"లిఫ్టులు మస్తుగున్నయి, గంజే సక్కగ లేదు. ఉప్పేసుడు రాదు వీళ్లకు. తగ్గింది పో, ఇంటికి తోల్కపొమ్మని శ్రీనుకు చెప్పు. పరేషాన్ ఐతున్నడు పోరడు."

వాంతులు ఆగడం తగ్గడం కాదని, లోపల కాలేయం పాడవుతోందని డాక్టరు చెప్పినది నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తూ, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను.

"చిన్నమ్మా, అప్పుడు నాయనమ్మ గిన్నె నీకు వచ్చినప్పుడు నీకు కోపం రాలేదా? పిల్లల్లేరని కదా నిన్ను..."

"ఎందుకో నాకెర్క లేదనుకున్నవా?" అంది. గొంతులో కోపం లేదు. "సీమంతమైతే నన్ను వంటింట్ల ఉండుమంటుండిరి. పెండ్లికి పసుపు దంచితే రోకలి ముట్టనియ్యలే. మీ తమ్మునికి పేరు పెడుతుంటే, తొట్టెల పెట్టెటానికి నేను చెయ్యి చాపితే మీ మేనత్త నా చెయ్యి పక్కకు జరిపింది. అన్నిట్ల బాలమణీ వెనకకుండు, వెనకకుండు. గదొక్క దాంట్లనే బాలమణీ ముందు నువ్వు రా అన్నరు. పోకుంట ఉంటనా?" బత్తాయి తొన నోట్లో వేసుకుని నవ్వింది. "పైంగ వేడివేడి కూరాయె."

ఆ సాయంత్రానికి కళ్లు పచ్చబడ్డాయి. తర్వాత మనుషులను గుర్తుపట్టడం మానేసింది. శ్రీను చేయి పట్టుకుని, వాణ్ని మా నాయన అనుకుని, మూట ఎక్కడ పెట్టావని అడిగింది. ఆ తర్వాత మాటలు కూడా లేవు. ఆమె పోయినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. కిటికీ అద్దానికి వాన నీళ్లు కారుతుంటే, ఒక చుక్క ఇంకో చుక్కను కలిసే దాకా చూస్తూ ఉన్నాను. కార్యాలన్నీ శ్రీనే కొడుకులా చేశాడు. శ్రావణి ఫోన్లోంచి ఆ ఫొటో తీసేసిందట. తీసేశాక కూడా వేలు అక్కడే తచ్చాడుతోందత్తా అని చెప్పింది. దానిది తప్పు లేదని చెప్పాను. నిజంగానే లేదు.

అప్పట్లో ఎవరు ముందు తింటారన్నది ఇంట్లో ఒకే ఒక్క చూపుతో తేలిపోయేది. ఇప్పుడు అలా చూసేవాళ్లు లేరు. శ్రీను, మాధవి ఆమెను అమ్మలాగే చూసుకున్నారు. ముందు తినమని ఎవరూ అనలేదు, అందరం కలిసి తిందామనే అన్నారు. అయినా ఆమె తన చోటు విడిచిపెట్టలేదు. అది మేము ఆమెకు చేసిన అన్యాయమా, ఆమె మా దగ్గర లాక్కున్న గౌరవమా, నేను తేల్చుకోలేకపోతున్నాను. రోజూ దీపం పెడుతున్నాను. తమ్ముడు బతికాడు, మరదలు బతికింది, పిల్ల బతికింది, అందుకు నీకు దండం అని చెప్పాలి. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతోంది, ఎందుకంటే ఆ దండం చేరాల్సింది అక్కడికి కాదు. దేవుడు ఈ విషయంలో నా మీద అలగడనే నమ్మకం ఉంది.

అందుకని చదివేవాళ్లను ఒక్కటి అడుగుతున్నాను. వానలు పడ్డాక ఏ పార్కులోనో, ఏ గోడ పక్కనో తెల్లగా లేచినవి కనిపిస్తే ముట్టకండి, ఎవరినీ ముట్టనివ్వకండి, ముందు నేను తిని చూస్తాననే మనిషిని అసలే తిననివ్వకండి. వాటిని దాటి వచ్చేటప్పుడు మా చిన్నమ్మను ఒక్కసారి తలచుకోండి. ఆమె కడుపున ఎవరూ పుట్టలేదు, పేరు చెప్పుకునే వంశం లేదు. పేరు బాలమణి. మా ఇంట్లో అందరికంటే ముందు తిన్నది.